లైటు ఆర్పడం కాదు.. లోపం పట్టుకోవాలి!

స్టీరింగ్ వెనక రెండు తీగలు. వాటి చివర రెండు ఓమ్‌ల రెసిస్టెన్స్. ప్రమాదం జరిగిన క్షణంలో డ్రైవర్ ప్రాణం ఆ చిన్న సర్క్యూట్ మీదే ఆధారపడుతుంది. అందులో లోపాన్ని పద్ధతి ప్రకారం పట్టుకోవడం వచ్చిందంటే ఆటోమొబైల్, ఎలక్ట్రానిక్స్ ఇంటర్వ్యూల్లో మీరు నలుగురిలో ఒకరిగా మిగిలిపోరు.

తెల్లవారుజామున అలిపిరి టోల్‌గేటు దగ్గర కాసేపు నిలబడండి. భక్తులతో కొండెక్కే ట్యాక్సీలు వరసగా కనిపిస్తాయి. అందులో కాస్త పాతబడిన ఏ కారు డ్యాష్‌బోర్డు చూసినా ఓ బొమ్మ ఉంటుంది. సీట్లో కూర్చున్న మనిషి, ఎదురుగా గుండ్రటి బంతి. అదే ఎయిర్‌బ్యాగ్ వార్నింగ్ లైటు. తాళం తిప్పగానే వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకుండా ఉంటే ఏంటని అడిగితే చాలాచోట్ల వచ్చే జవాబు ఒకటే. ‘‘అది సెన్సార్ లైటులే సామీ, అట్లే వెలుగుతా ఉంటాది. బండికేం కాదు.’’

బండికేం కాదన్నది నిజమే. ఇంజిన్ ఆగదు, బ్రేకులు పడతాయి, మైలేజీ తగ్గదు. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ లైటు వెలుగుతున్నంతకాలం, గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న భరోసా ఉండదు. ఎదురుగా ఘాట్ రోడ్డు, వెనక సీట్లో ఓ కుటుంబం. ఇప్పుడు చెప్పండి, అది చిన్న లైటేనా?

ఇది మీకెందుకు?

మన దేశంలో 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లన్నింటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. పక్క సీటుకు కూడా కొత్త మోడళ్లలో 2021 ఏప్రిల్ 1 నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లలో 2021 డిసెంబరు 31 నుంచి తప్పనిసరి చేశారు. అంటే చిన్న హ్యాచ్‌బ్యాక్ దగ్గర్నుంచి పెద్ద ఎస్‌యూవీ దాకా ఈ సర్క్యూట్ లేని కొత్త కారు ఇప్పుడు షోరూముల్లో లేదు. ఈ బళ్లన్నీ పాతబడేకొద్దీ కనెక్టర్లు వదులవుతాయి, తీగలు అరుగుతాయి, లైట్లు వెలుగుతాయి. వాటిని సరిగ్గా చూడగలిగేవాళ్లు కావాలి. పార్టులు మార్చేవాళ్లు ఊరికి వందమంది దొరుకుతారు. ఏ పార్టు ఎందుకు పోయిందో రుజువుతో చెప్పేవాళ్లే తక్కువ. మీ అవకాశం అక్కడుంది.

ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సిన సిద్ధాంతమేమీ లేదు. ఇంటర్‌లో చదివిన ఓమ్ నియమం చాలు. దాన్ని ఎక్కడ, ఏ వరసలో వాడాలన్నదే అసలు విద్య.

సర్క్యూట్‌లో ఏముంది?

డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌ను నాలుగు ముక్కలుగా ఊహించుకోండి. మొదటిది ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్. సాధారణంగా కారు మధ్యలో, గేర్ లీవర్ దగ్గర నేలకు బిగించి ఉంటుంది. రెండోది అక్కణ్నుంచి స్టీరింగ్ కాలమ్ దాకా వచ్చే వైరింగ్. మూడోది స్టీరింగ్ చక్రం వెనకుండే స్పైరల్ కేబుల్. దీన్నే మెకానిక్‌లు క్లాక్ స్ప్రింగ్ అంటారు. నాలుగోది ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్. అందులో స్క్విబ్ అనే చిన్న ఇగ్నైటర్ ఉంటుంది. దాని రెసిస్టెన్స్ దాదాపు రెండు ఓమ్‌లు.

కారు గుద్దుకుందని సెన్సార్లు చెప్పగానే కంట్రోల్ యూనిట్ స్క్విబ్‌కు ఒకటి నుంచి రెండు యాంపియర్ల కరెంటును కొన్ని మిల్లీ సెకన్ల పాటు పంపుతుంది. ఇగ్నైటర్ మండి గ్యాస్ పుడుతుంది, సంచి నిండుతుంది. మొత్తం తతంగం సెకనులో ఇరవయ్యో వంతులోపే అయిపోతుంది. అంత తక్కువ సమయంలో ‘కాంటాక్ట్ సరిగా అందలేదు, ఇంకోసారి ప్రయత్నిద్దాం’ అనే వీలుండదు. అందుకే కంట్రోల్ యూనిట్ ముందునుంచే జాగ్రత్త పడుతుంది. తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ స్క్విబ్ మండనంత చిన్న కరెంటును పంపుతూ రెసిస్టెన్స్ లెక్క చూసుకుంటూనే ఉంటుంది. ఉదాహరణకు 40 మిల్లీ యాంపియర్లు పంపితే రెండు ఓమ్‌ల దగ్గర 80 మిల్లీ వోల్టులు కనిపించాలి. కనెక్టర్‌లో తుప్పు పట్టి మరో మూడు ఓమ్‌లు కలిసిందనుకోండి, అదే 200 మిల్లీ వోల్టులవుతుంది. లెక్క తప్పిందని యూనిట్ గ్రహిస్తుంది. ఓ కోడ్ దాచుకుని లైటు వెలిగిస్తుంది.

ఇంట్లో బల్బు హోల్డర్‌లో మూడు ఓమ్‌ల తేడా వస్తే మనకు తెలియను కూడా తెలియదు. ఇక్కడ అదే లోపం. ఈ సర్క్యూట్ అంత సున్నితమైంది.

ముప్ఫై ఆరు మలుపులు, ఓ రిబ్బన్

నాలుగు ముక్కల్లో నిరంతరం కదిలేది ఒక్కటే, స్పైరల్ కేబుల్. స్టీరింగ్ చక్రం తిరుగుతుంది, కాలమ్ తిరగదు. తిరిగే చక్రానికీ, తిరగని వైరింగ్‌కూ మధ్య తీగ తెగకుండా కనెక్షన్ ఎలా ఇవ్వాలి? పల్చటి రిబ్బన్ తీగను వాచీ స్ప్రింగులా చుట్టి ఓ డబ్బాలో పెట్టారు. ఒకవైపు తిప్పితే చుట్టుకుంటుంది, రెండోవైపు తిప్పితే విప్పుకుంటుంది. నడిమధ్య నుంచి రెండువైపులా దాదాపు రెండున్నర చుట్లు. అంతకు మించితే తెగిపోతుంది.

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. రెండోది 1974లో. ఇప్పుడు రెండోదాంట్లో ఎక్కుతాం, మొదటిదాంట్లో దిగుతాం. దిగే దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. రోజుకు రెండు ట్రిప్పులు, నెలకు 25 రోజులు తిరిగే ట్యాక్సీకి దిగేటప్పుడే నెలకు 1,800 మలుపులు. ప్రతి మలుపుకూ ఆ రిబ్బన్ బాగా చుట్టుకుని, మళ్లీ విప్పుకోవాల్సిందే. తిరగడానికే చేసిన పార్టు కాబట్టి తట్టుకుంటుంది. అయితే లోపలికి దుమ్ము చేరినా, ఎవరైనా స్టీరింగ్ విప్పి మళ్లీ బిగించేటప్పుడు రిబ్బన్‌ను నడిమధ్యకు తేకుండా పెట్టినా కథ మారుతుంది. చదును రోడ్డు మీద నెలల తరబడి బయటపడని ఆ పొరపాటు ఓ ఘాట్ మలుపులో, స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు తెలిసొస్తుంది.

ఇది ఊహ అనుకోకండి. 2014 ఏప్రిల్‌లో టయోటా ప్రపంచవ్యాప్తంగా 60 లక్షలకు పైగా వాహనాలను వేర్వేరు లోపాల కారణంగా వెనక్కి పిలిచింది. వాటిలో ముఖ్యమైంది ఈ స్పైరల్ కేబులే. స్టీరింగ్ తిప్పేటప్పుడు కేబుల్‌లోని కనెక్షన్లు దెబ్బతినొచ్చని, అప్పుడు వార్నింగ్ లైటు వెలిగి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ పనిచేయకపోవచ్చని కంపెనీయే చెప్పింది. మన దేశంలో దాదాపు 45 వేల ఇన్నోవా, ఫార్చ్యూనర్ బళ్లకు ఇది వర్తించింది. తిరుపతి రైల్వేస్టేషన్ ముందు యాత్రికులు ఎక్కువగా అడిగే బళ్లలో ఇన్నోవా ఒకటని వేరే చెప్పాలా!

సర్క్యూట్ రెండో చివర కూడా లోపం రావొచ్చు. 2023 జనవరిలో మారుతీ సుజుకీ 17,362 కార్లను వెనక్కి పిలిచింది. అక్కడ అనుమానం ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ మీద. ఒక చివర కేబుల్, ఇంకో చివర కంట్రోలర్, డ్యాష్‌బోర్డులో మాత్రం అదే లైటు. లైటు చూసి పార్టు పేరు చెప్పేయకూడదన్నది ఇందుకే.

లోపాలు నాలుగు రకాలే

స్కానర్ పెడితే ‘బి’ అక్షరంతో మొదలయ్యే కోడ్ వస్తుంది. బి అంటే బాడీ సిస్టమ్స్. బి0001 లాంటివి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్‌కు చెందినవి. కంపెనీని బట్టి నంబర్లు మారతాయి. కానీ ఏ కంపెనీ అయినా చెప్పేది ఈ నాలుగింట్లో ఒకటి:

ఒకటి, రెసిస్టెన్స్ ఎక్కువ, లేదా సర్క్యూట్ తెగింది. కనెక్టర్ వదులు, తుప్పు, తెగిన రిబ్బన్ ఇలాంటివి కారణం.

రెండు, రెసిస్టెన్స్ మరీ తక్కువ. రెండు తీగలూ ఎక్కడో ఒకదానికొకటి తగులుతున్నాయి.

మూడు, తీగ బాడీకి తగిలింది. అంటే గ్రౌండ్‌కు షార్ట్.

నాలుగు, తీగ బ్యాటరీ పాజిటివ్‌కు తగిలింది.

కోడ్‌తో పాటు అది ఇప్పుడున్న లోపమా, పాత లోపం తాలూకు జ్ఞాపకమా అన్నదీ స్కానర్ చెబుతుంది. ఈ తేడా చూడకుండా పని మొదలుపెట్టేవాళ్లు సగం రోజు వృథా చేసుకుంటారు. బ్యాటరీ బాగా బలహీనపడినా కొన్ని బళ్లలో కోడ్లు పడతాయి. కాబట్టి బ్యాటరీ వోల్టేజీ చూడటం మొదటి పనుల్లోనే ఉండాలి.

ముందు మీ ప్రాణం.. తర్వాతే పని

ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌లో ఉన్నది మండే పదార్థం. ఈ నియమాలు నోటికి రావాలి. శిక్షణ లేకుండా, కంపెనీ సర్వీస్ మాన్యువల్ చేతిలో లేకుండా నిజమైన బండి మీద ఈ పని చేయకండి.

తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. కొన్ని బళ్లకు 90 సెకన్లు, కొన్నింటికి మూడు నిమిషాలు, ఇంకొన్నింటికి అంతకంటే ఎక్కువ. ఎందుకంటే ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా ఎయిర్‌బ్యాగ్ పేలేందుకు కంట్రోల్ యూనిట్‌లోని కెపాసిటర్ కరెంటు దాచుకుంటుంది. అది ఖాళీ అవ్వాలి.

మల్టీమీటర్‌ను ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌కు ఎప్పుడూ తగిలించకూడదు. మీటర్ కూడా రెసిస్టెన్స్ చూడటానికి కరెంటు పంపుతుంది. టెస్ట్ ల్యాంప్ మాట అసలే ఎత్తొద్దు.

విప్పిన మాడ్యూల్‌ను ముఖం ఒంటివైపు కాకుండా బయటికి ఉండేలా పట్టుకోవాలి. బల్ల మీద పెట్టేటప్పుడు ముఖం పైకి ఉండాలి. బోర్లా పెడితే, పొరపాటున పేలినప్పుడు మాడ్యూలే రాయిలా ఎగిరి తగులుతుంది.

సగం సగం చేస్తూ వెళ్లండి

ఇప్పుడు అసలు పని. ‘రెసిస్టెన్స్ ఎక్కువ’ అనే కోడ్ వచ్చిందనుకుందాం. లోపం మాడ్యూల్‌లోనా, స్పైరల్ కేబుల్‌లోనా, వైరింగ్‌లోనా, కంట్రోల్ యూనిట్‌లోనా?

ముందు చెయ్యి పెట్టకుండా చూడగలిగినవి చూడండి. హారన్ మోగుతోందా? స్టీరింగ్ మీది ఆడియో బటన్లు పనిచేస్తున్నాయా? ఇవి కూడా సాధారణంగా ఆ రిబ్బన్ మీదుగానే వెళ్తాయి. లైటుతో పాటు హారన్ కూడా మొండికేస్తుంటే అనుమానం స్పైరల్ కేబుల్ మీదికి వెళ్తుంది. హారన్ బాగున్నంత మాత్రాన కేబుల్‌కు క్లీన్ చిట్ ఇవ్వకండి. రిబ్బన్‌లో ఒక్కో పనికి ఒక్కో దారి ఉంటుంది. ఒకటి తెగినా మిగతావి పనిచేయొచ్చు. ఈ మధ్య స్టీరింగ్ పని ఏమైనా చేయించారా, కొత్త స్టీరియో పెట్టించారా అని డ్రైవరన్నను అడగండి. కస్టమర్ చెప్పే చరిత్రలోనే సగం జవాబు ఉంటుంది.

తర్వాత బ్యాటరీ తీసి, ఆగాల్సినంతసేపు ఆగి, మాడ్యూల్‌ను విడదీసి, దాని స్థానంలో కంపెనీ చెప్పిన డమ్మీ లోడ్ పెడతారు. అంటే స్క్విబ్‌లా నటించే రెండు ఓమ్‌ల రెసిస్టర్. బ్యాటరీ కలిపి మళ్లీ స్కాన్ చేస్తారు. లోపం పోయిందా? అయితే అనుమానం మాడ్యూల్ మీద, లేదా దాని కనెక్టర్ మీద. పోలేదా? లోపం ఇంకా వెనకుంది.

అప్పుడు అదే వరస పాటించి, డమ్మీ లోడ్‌ను స్పైరల్ కేబుల్‌కు అవతలి వైపు, కాలమ్ కింది కనెక్టర్ దగ్గర పెడతారు. ఈసారి లోపం పోతే కేబుల్ దొరికిపోయినట్టే. పోకపోతే వైరింగ్, కంట్రోల్ యూనిట్ మిగిలాయి. నాలుగు ముక్కల సర్క్యూట్ రెండు పరీక్షలతో ఒకటి రెండు ముక్కలకు తగ్గింది. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఇది బైనరీ సెర్చ్ అని ఈపాటికే అర్థమై ఉంటుంది.

లోపం ఒకసారి వచ్చి ఒకసారి పోతుంటే? డమ్మీ లోడ్ ఉంచి, స్కానర్‌లో లైవ్ రెసిస్టెన్స్ చూస్తూ స్టీరింగ్‌ను ఈ చివర్నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పాలి. ఒకే కోణం దగ్గర అంకె ఎగిరితే రిబ్బన్ అక్కడే బలహీనమైంది. కొండ మీద లైటు వెలిగి, తిరుపతిలో గ్యారేజీకి వచ్చేసరికి ఆరిపోయే బళ్ల రహస్యం చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది.

ఇక్కడ పప్పులో కాలేసే చోటు ఒకటుంది. ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. వాటిలో షార్టింగ్ బార్ అనే చిన్న లోహపు పట్టీ ఉంటుంది. కనెక్టర్ ఊడదీయగానే అది రెండు పిన్నులనూ కలిపేస్తుంది. పొరపాటున కరెంటు తగిలి ఎయిర్‌బ్యాగ్ పేలకుండా ఈ ఏర్పాటు. అది తెలియని కుర్రాడు ఊడదీసిన తీగల మధ్య మీటర్ పెట్టి, సున్నా ఓమ్‌లు చూసి ‘షార్ట్ దొరికింది’ అని సంబరపడతాడు. కొత్త హార్నెస్ ఆర్డర్ పెడతాడు. లోపం మాత్రం అలాగే ఉంటుంది. మీటర్ అబద్ధం చెప్పలేదు, అడిగిన ప్రశ్నే తప్పు. మాన్యువల్ చెప్పిన పద్ధతిలో ఆ పట్టీని విడదీశాకే కొలవాలి.

రెండు రూపాయల మోసం

డమ్మీ రెసిస్టర్‌తో లైటు ఆరిపోతుందని తెలిశాక కొందరికి ఓ ‘ఐడియా’ వస్తుంది. మాడ్యూల్ బదులు రెసిస్టర్‌ను శాశ్వతంగా వదిలేస్తే? స్పైరల్ కేబుల్ ఖర్చు మిగులుతుంది, లైటు ఆరిపోతుంది, కస్టమర్ నవ్వుతూ వెళ్తాడు. ఇంకొందరు ఏకంగా బల్బే పీకేస్తారు. లైటు వెలుగుతున్న బండిలో డ్రైవర్‌కు కనీసం ప్రమాదం ఉందని తెలుసు. ఇలాంటి బండిలో అదీ తెలియదు. సంచి తెరుచుకోదని తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. పరీక్ష కోసం పెట్టిన రెసిస్టర్ పరీక్ష అవగానే బయటికి రావాల్సిందే. ఇందులో రాజీ లేదు.

మీ ఇంట్లో ఎవరైనా సెకండ్‌హ్యాండ్ కారు కొంటుంటే ఈ చిన్న పరీక్ష చేయండి. తాళం ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగనే వెలగకపోతే ఎవరో కెలికారేమోనని అనుమానించండి.

హాస్టల్ గదిలో చేసే ప్రాజెక్టు

నిజమైన ఎయిర్‌బ్యాగ్ జోలికి వెళ్లకుండా ఈ సర్క్యూట్‌ను బల్ల మీద కట్టొచ్చు. కావాల్సినవి 5 వోల్టుల యూఎస్‌బీ సప్లయ్, అర వాట్ 100 ఓమ్ రెసిస్టర్, 2.2 ఓమ్ రెసిస్టర్, 3.3 ఓమ్ రెసిస్టర్, ఓ మల్టీమీటర్. 100 ఓమ్, 2.2 ఓమ్ రెసిస్టర్లను సిరీస్‌లో కలపండి. 2.2 ఓమ్ రెసిస్టర్ మన స్క్విబ్. దాదాపు 49 మిల్లీ యాంపియర్లు ప్రవహిస్తాయి. దాని రెండు కొసల మధ్య 108 మిల్లీ వోల్టుల దగ్గర్లో రీడింగ్ వస్తుంది.

ఇప్పుడు లోపాలు సృష్టించండి. 3.3 ఓమ్ రెసిస్టర్‌ను స్క్విబ్‌తో సిరీస్‌లో కలపండి. అది తుప్పు. రెండింటి మీదా కలిపి చూస్తే 260 మిల్లీ వోల్టులు దాటుతుంది. స్క్విబ్ కొసలను తీగతో కలిపేయండి, దాదాపు సున్నా. స్క్విబ్‌ను తీసేయండి, పూర్తి 5 వోల్టులు. మూడు లోపాలు, మూడు సంతకాలు. దీనికి ఓ ఆర్డ్యునో కలిపి, హద్దులు దాటితే ఎల్‌ఈడీ వెలిగేలా, లోపం రకం స్క్రీన్ మీద రాసేలా, లోపం పోయినా కోడ్ గుర్తుంచుకునేలా ప్రోగ్రామ్ రాస్తే, ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ చేసే స్వీయ పరీక్షకు చిన్న నమూనా తయారైనట్టే. రెజ్యూమెలో ‘హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్’ కంటే ఈ ఒక్క లైను గట్టిగా మాట్లాడుతుంది.

ఎక్కడ పనికొస్తుంది?

ఐటీఐ, డిప్లొమా చేసినవాళ్లకు సర్వీస్ సెంటర్లలో డయాగ్నస్టిక్ టెక్నీషియన్ దారి ఉంది. అప్రెంటిస్‌షిప్‌తో మొదలుపెట్టొచ్చు. ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ కోర్సులూ ఉన్నాయి. ఈసీఈ, ఈఈఈ, మెకానికల్ బీటెక్ వాళ్లకు వైరింగ్ హార్నెస్ డిజైన్, టెస్టింగ్, వ్యాలిడేషన్ ఉద్యోగాలు. సీఎస్‌ఈ వాళ్లు ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లొచ్చు. కాస్త లోతుగా వెళ్దామనుకుంటే ఫంక్షనల్ సేఫ్టీ చదవండి. 2011లో వచ్చి, 2018లో రెండో కూర్పు వెలువడిన ఐఎస్‌ఓ 26262 ప్రమాణం ఇందులో పునాది. ఎయిర్‌బ్యాగ్ అకారణంగా పేలడాన్ని అందులోని అత్యంత కఠినమైన ‘డి’ స్థాయికి ఉదాహరణగా చెబుతుంటారు.

కంపెనీల కోసం మరీ దూరం చూడక్కర్లేదు. శ్రీసిటీలో ఇసుజు ప్లాంటు 2016 నుంచి ఉంది. పెనుకొండ దగ్గర కియా 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది. తిరుపతి నుంచి కొన్ని గంటల ప్రయాణంలోనే శ్రీపెరంబుదూరు, ఒరగడం ఆటోమొబైల్ కారిడార్ ఉంది.

ఇంటర్వ్యూలో ‘ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోంది, ఏం చేస్తావు?’ అని అడిగితే ‘సెన్సార్ మారుస్తాను సార్’ అనే జవాబులు వాళ్లు బోలెడు విని ఉంటారు. మీరు వరస చెప్పండి. కోడ్ చదువుతాను, అది ఇప్పటిదో పాతదో చూస్తాను, బ్యాటరీ చూస్తాను, డ్రైవర్‌ను అడుగుతాను, బ్యాటరీ తీసి ఆగుతాను, డమ్మీ లోడ్‌తో సర్క్యూట్‌ను విడగొడతాను, రుజువు దొరికాకే పార్టు మారుస్తాను, చివర్లో లైటు సరిగ్గా వెలిగి ఆరుతోందో లేదో చూసి బండి అప్పగిస్తాను. ఇంత చెబితే చాలు. ఎదుటివాళ్ల తర్వాతి ప్రశ్న మీ మార్కుల గురించి ఉండదు, ‘షార్టింగ్ బార్ గురించి తెలుసా?’ అని ఉంటుంది. దానికీ మీ దగ్గర ఇప్పుడు జవాబుంది.